శాంపిల్ సీసా

షావుకారు రోజూ పొద్దున్నే కళ్ళజోడు, చిన్న పట్టకారు, సబ్బునీళ్ళ మగ్గు పట్టుకుని మేడ ఎక్కుతాడు. ధాన్యం కొట్టు తాళం తీసేలోపు ఆయనకు అక్కడ కొంత పని ఉంటుంది. వంగాకు తిరగేసి చూస్తాడు. బెండకాయకు చిల్లి కనబడితే కాయను అక్కడే విరిచి, లోపలి పురుగును లాగి మగ్గులో వేస్తాడు. టొమాటో ఆకుల కింద తెల్లదోమ లేస్తే పసుపు అట్టకు ఆముదం పూసి మొక్కల మధ్య గుచ్చుతాడు. విషపు మందును మాత్రం మెట్లెక్కనివ్వడు. తినే సరుకు మీద విషం చల్లేవాడూ, అమ్మే సరుకులో ఇసక కలిపేవాడూ ఆయన దృష్టిలో ఒకే కొట్టు వాటాదారులు.

పురుగును పోల్చుకోవడంలో తనకు సాటి లేదని ఆయన ధీమా. బస్తా మీద చెయ్యి వేస్తే చాలు, లోపల ముక్కుపురుగు ఉందో లేదో చెప్పగలడు. మొక్కల మీదా అదే పద్ధతి. నష్టం చేసేది, లాభం చేసేది అని రెండే రాసులు. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు లాభం రాసిలోది. అది పేనుబంకను తింటుందని కొట్లో వేలాడే విత్తనాల క్యాలెండరు మీద బొమ్మతో సహా ఉంది. అది చేతిమీద వాలితే, ఎగిరిపోయేదాకా ఆ చెయ్యి కదిలించడు.

ఆ సోమవారం పొద్దున ఆయన తన చిక్కుడు తీగ దగ్గర నిలబడిపోయాడు. లేత కొసలన్నీ మసి పూసినట్టున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ మసి కదులుతోంది. పేనుబంక. పూత మీద, పిందె మీద, ఈనెల వెంట, వేలు పెట్టే సందు లేకుండా పట్టేసింది. ఆకులు జిగటగా చేతికి అంటుకుంటున్నాయి. నిన్న సబ్బునీళ్ళతో కడిగిన తీగే ఇది. అంతకుముందు వేపనూనె కొట్టిన తీగే ఇది. ఎర్ర పురుగు వెతికినా ఒక్కటి కనిపించలేదు.

ఉన్నవి వేరే. నల్లగా, పొడుగ్గా, వీపంతా ముళ్ళతో, పక్కల నారింజ మచ్చలతో, మొసలిని గోరంత చేసి వదిలినట్టున్న పురుగులు పేనుబంక మధ్య తిరుగుతున్నాయి. ఈ జాతిని ఆయన వారాల నుంచి ఏరుతూనే ఉన్నాడు. పేనుబంక ఎక్కడ ఉంటే ఇవీ అక్కడే ఉంటాయి. అంటే రెండూ ఒకే ముఠా. ఎర్రవి తగ్గిపోవడం, ఇవి కనబడటం ఒకే కాలంలో మొదలయ్యాయి. అంటే ఎర్రవాటిని మింగుతున్నవి ఇవే. కింది నుంచి కూడినా, పై నుంచి కూడినా లెక్క ఒకటే వస్తోంది. ఒక్కొక్కదాన్నీ పట్టకారుతో పట్టి మగ్గులో ముంచాడు. అవి కాళ్ళు కొట్టుకుంటూ అడుక్కు దిగాయి.

తల ఎత్తితే, మేడకు అటు కొసన టైలరమ్మ అద్దెకుండే గది కనిపించింది. రేకుల కప్పు గది. రెండు పెయింటు డబ్బాల్లోంచి లేచిన ఆమె చిక్కుడు తీగ గోడ పట్టుకుని ఎక్కి కప్పంతా కమ్మేసింది. రేకు ఎక్కడా కనబడదు. ఆకులు కడిగినట్టున్నాయి. గుత్తులు గుత్తులుగా కాయలు.

షావుకారు అటు నడిచి ఒక కొస వంచాడు. పేనుబంక ఉందా అంటే ఉంది, అక్కడక్కడా పిడికెడు ఆవాలు చిలకరించినంత. నల్ల మొసళ్ళు మాత్రం సొంత పొలంలో తిరిగినట్టు తిరుగుతున్నాయి.

వానకు బజారంతా సరుకు తడిసి, ఒక్కడి గోదాము మాత్రం పొడిగా ఉంటే ఆయన వాడి అదృష్టాన్ని మెచ్చుకోడు. వాడు నీళ్ళు ఎటు మళ్ళించాడో చూస్తాడు. బజారులో ఆ చూపు ఆయన్ని ఎన్నోసార్లు గట్టెక్కించింది.

"అమ్మాయ్!"

లోపల మిషను చప్పుడు ఆగింది. టైలరమ్మ మెళ్ళో టేపుతో, పెదవుల మధ్య గుండుసూదితో గుమ్మంలోకి వచ్చింది.

"ఈ నల్లవేంటో తెలుసా నీకు?"

ఆమె చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. సూది చేతిలోకి తీసుకుని, "అమ్మో! అవి అక్కడుంటే నేను అటు చూడను కూడా చూడను బాబాయిగారూ. నాకు పురుగులంటే భయం. కాయలు కోసేటప్పుడు కూడా కళ్ళు సగం మూసుకునే కోస్తా" అంది.

"భయం కాదు, పెంపకం. ఇక్కడ పెంచి నా తీగ మీదకి తోలుతున్నావు."

"తోలడానికి అవేమన్నా గేదెలా బాబాయిగారూ?"

బట్టలారేయడానికి వచ్చిన షావుకారు భార్య బకెట్టు దించి నవ్వేసింది. ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు. మధ్య అంతస్తులో అద్దెకుండే కాంపౌండరు కూడా తువ్వాలు భుజాన వేసుకుని పైకి వచ్చాడు. ఎక్కడ గొంతులు లేచినా అతను అక్కడుంటాడు.

"చూడవయ్యా కాంపౌండరూ. నా తీగ ఎలా ఉందో చూడు, ఆమె తీగ ఎలా ఉందో చూడు. ఈ పురుగులు ఎక్కడ మకాం వేశాయో చూడు."

కాంపౌండరు రెండు తీగలూ చూసి, నాలుక చప్పరించి, "ఇన్‌ఫెక్షన్ సార్ ఇది. అటునుంచే వచ్చింది" అన్నాడు.

"వచ్చేవి ముందు నా తీగను తినాలి కదండీ?" అంది టైలరమ్మ.

"నువ్వు ఉండమ్మా. నీకు పురుగంటే భయమన్నావు, మళ్ళీ పురుగుల తరఫున వకాల్తానా?" అన్నాడు షావుకారు.

తగవు వచ్చినప్పుడు ఏం చేయాలో షావుకారుకు తెలుసు. బస్తాలు తెచ్చినవాడు మంచి సరుకంటాడు, కొన్నవాడు పుచ్చు సరుకంటాడు. అప్పుడు అందరి ముందూ గుప్పెడు గింజలు తీసి గాజు సీసాలో పోస్తారు. మూతికి గుడ్డ కట్టి ముడి వేస్తారు. పెద్దమనుషులు కూర్చున్న రోజున ఇద్దరి ఎదుటా ముడి విప్పుతారు. సీసాలో ఏముంటే అదే తీర్పు. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తేలాక ఓడినవాడు రానూపోనూ బండి బాడుగ భరించాలి. ఆ నియమం తప్పాడని షావుకారును బజారులో వేలెత్తి చూపినవాడు లేడు.

కిందనుంచి గాజు సీసా తెప్పించాడు. తన తీగ నుంచే పేనుబంక నిండిన పెద్ద కొసను తుంచి లోపల వేశాడు. "శాంపిల్ ఎండిపోకూడదు, తిండి ఉండాలి" అన్నాడు. టైలరమ్మ తీగ మీది నల్ల పురుగులను, బాగా బలిసినవాటిని ఏరి పట్టకారుతో దింపాడు.

"గుడ్డ నువ్వే ఇవ్వు అమ్మాయ్. ముడి కూడా నువ్వే వెయ్యి. రేపు షావుకారు మార్చేశాడని అనకుండా."

ఆమె పల్చటి గుడ్డముక్క తెచ్చింది. సీసా మూతికి కప్పి, ఎర్ర దారం చుట్లు చుట్టి ముడి వేసింది. కాజా కుట్టేటప్పుడు వేసే ముడి అది. వేస్తున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకునే ఉంది.

"ఆదివారం పొద్దున, ఇక్కడే విప్పుదాం. వ్యవసాయం చదువుకున్నాయన ఒకరు మా కొట్టుకు వస్తుంటాడు, ఆయన్నీ పిలుస్తా" అన్నాడు షావుకారు. "ఈలోపు నీ తీగ తీసెయ్యి."

టైలరమ్మ కప్పుకేసి చూసింది. "తీగా? ఆదివారం దాకా ఆగుదాం బాబాయిగారూ. అది లేకపోతే రేకు కింద..."

"ఆదివారానికి నాది మిగలదు."

"మా హాస్పిటల్లో కూడా అంతే. ముందు వేరే వార్డులో పడేస్తాం, రిపోర్టు తర్వాత వస్తుంది" అన్నాడు కాంపౌండరు.

"తీగే కదమ్మా. మళ్ళీ వేసుకుందువుగాని, గింజలు నేనిస్తా" అన్నాడు షావుకారు.

షావుకారు భార్య తడి చీర పిండుతూ, "కొట్లో ఎప్పుడైనా తగవు తేలకముందే సరుకు తగలబెట్టారా ఏవండీ?" అంది.

ఆయన వినబడనట్టు మగ్గు తీసుకుని మెట్లు దిగాడు.

*

మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చడం షావుకారు అలవాటు. ఆయన గది కిటికీలోంచి మేడ మీది టైలరమ్మ మిషను చప్పుడు వినిపిస్తుంది. కునుకు పట్టేది ఆ టకటకలోనే. ఆ రోజు చప్పుడు లేదు. కాసేపు దొర్లి, లేచి పైకి వెళ్ళాడు.

టైలరమ్మ నిచ్చెన మీద ఉంది. తీగను కత్తిరిస్తోంది. ఆమె చేతిలో ఉన్నది బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. ఒకసారి షావుకారు భార్య కాగితం కత్తిరించుకోవడానికి ఆ కత్తెర అడిగితే, "ఇంకేదన్నా అడగండి పిన్నిగారూ, ఇది మాత్రం బట్టకు తప్ప దేనికీ పెట్టను, పదును పోతుంది" అని వేరేది వెతికి ఇచ్చింది. ఇప్పుడు ఆ కత్తెర అంచుల మీద పచ్చటి నీరు కారుతోంది. కాడలు ముదురువి. రెండు చేతులా నొక్కితే గాని తెగడం లేదు. తెగినప్పుడల్లా ఒక పాయ ఆకులతో, పూతతో, కాయలతో సహా జారి కింద పడుతోంది. పురుగంటే భయం కదా, ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

షావుకారుకు ఏదో అనాలనిపించింది. "వేరే కత్తెర లేదూ?" అన్నాడు.

"ఉంది" అంది ఆమె. ఆపలేదు.

సాయంత్రానికి కప్పు బయటపడింది. వెలిసిన బూడిద రంగు రేకు, తుప్పు మరకలు. తీగనంతా మూటలు కట్టి ఆమే చెత్తబండిలో వేసి వచ్చింది. కాయలు మాత్రం ఏరి, గిన్నెలో పోసి షావుకారు భార్యకిచ్చింది. ఆవిడ ఆ గిన్నెను చాలాసేపు వంటగట్టు మీద అలాగే ఉంచింది. "వండమంటారా, లేక వీటినీ సీసాలో పెడతారా?" అని అడిగింది మొగుణ్ణి.

మర్నాడు ఎండకు రేకు పెటపెటలాడింది. టైలరమ్మ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మిషను తొక్కింది. నడిమి వేళ గదిలో కూర్చోలేక మిషను ఈడ్చుకొచ్చి మెట్ల మలుపులో పెట్టుకుంది. ఒడినిండా స్కూలు యూనిఫారాలు. బడి తెరిచేలోపు ఇవ్వాల్సినవి. కాంపౌండరు డ్యూటీ నుంచి వచ్చి, "మెట్ల మీద ఫ్యాక్టరీ పెడితే మనుషులు ఎగిరి వెళ్ళాలా?" అన్నాడు. ఆమె మిషను మళ్ళీ లోపలికి తోసింది. కాసేపటికి చెమట పడి ఒక తెల్ల చొక్కా మీద మరక తేలింది. దాన్ని ఉతుకుతుంటే షావుకారు భార్య చూసి, కిందికి వచ్చి ఎవరికీ చెప్పనట్టే చెప్పింది: "ఆ పిల్ల గోడమీద చెయ్యి ఆన్చి తీసేసింది. కాలుతోంది."

"తీగ లేని ఇళ్ళల్లో మనుషులుండట్లేదా?" అన్నాడు షావుకారు.

"ఉంటున్నారు. రేకుల కింద మీరు ఉండి చూడండి."

మధ్యాహ్నం ఆయనకు కునుకు పట్టలేదు. పైన చప్పుడు లేదు.

*

సీసా హాల్లో కిటికీ గట్టు మీద ఉంది. ఆయన కొట్టుకు వెళ్ళేటప్పుడూ, వచ్చినప్పుడూ చూస్తాడు. గుడ్డ ముట్టుకోడు, ముడి ముట్టుకోడు.

మొదట ఆయన్ని ఆశ్చర్యపెట్టింది కొస. పేనుబంకతో నల్లగా ఉన్న కొస మర్నాటికి పచ్చగా ఉంది. వాడిపోతోంది, కానీ పచ్చగా ఉంది. సీసాను వెలుగులోకి తిప్పి చూశాడు. ఆకుకు చిల్లి లేదు. అంచు కొరకలేదు. ఈ నల్లవాళ్ళు ఆకు తినలేదు. మరి బలిసినవి ఇంకా బలిశాయి. పేనుబంక ఏమైంది? చచ్చి అడుగున రాలిపోయి ఉంటుంది అనుకున్నాడు. అడుగున ఏమీ లేదు. తూకం వేసి పెట్టిన బస్తాలో సరుకు తరిగితే, ఎలకైనా ఉండాలి, చిల్లైనా ఉండాలి. ఇక్కడ రెండూ లేవు.

ఆ ఆలోచనను అక్కడే వదిలేసి కొట్టుకు పోయాడు. గిరాకీ ఉన్న రోజు.

తర్వాత నల్లవి తిరగడం మానేశాయి. ఒక్కొక్కటీ తోకను గాజుకు అంటించి, వీపు వంచి, ముడుచుకుని ఉండిపోయింది. రంగు మారి, నారింజ తొక్క ఎండినట్టయింది. సీసాను వేలితో కొడితే ఒకసారి ఎగిరిపడినట్టు అదిరి ఊరుకున్నాయి. చావుకు దగ్గర పడ్డాయి. "చచ్చినా సాక్ష్యం సాక్ష్యమే" అన్నాడు భార్యతో.

ఆవిడ సీసాకేసి చూడను కూడా లేదు.

మేడ మీద మాత్రం లెక్క కుదరడం లేదు. ముఠా మకాం పోయింది. ముఠా మనుషులు మగ్గులోకి పోయారు. నష్టం ఆగాలి. ఆగకపోగా పేనుబంక చిక్కుడు దాటి బెండ మీదికి వచ్చింది. కాండం వెంట చీమలు బారులు కట్టి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. చీమలతో ఆయనకు పేచీ లేదు గనుక వాటిని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వంగి చూస్తే ఒక చీమ పేనుబంకను మీసాలతో తడుతోంది, పాలు పితికేవాడు పొదుగు తట్టినట్టు. పురుగు వెనక ఒక తీపి చుక్క ఉబికింది. చీమ తాగింది. షావుకారు నిటారుగా నిలబడ్డాడు. పేనుబంకకు అసలు కాపలాదారు ఎవరో ఇంతకాలం తను పట్టించుకోలేదు. పక్కవాడిని పట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం టైలరమ్మ కిందికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"బాబాయిగారూ, వెనక వీధిలో గది చూసుకున్నాను. కింది వాటా. రేపు పొద్దున బండి వస్తుంది."

షావుకారు చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగాడు. "రేపు శాంపిల్ విప్పుతామన్నాం కదా."

"ఎందుకండీ ఇంక? ఏది తేలినా తీగ లేదు కదా." కోపంగా అనలేదు. చొక్కా కొలత చెప్పినట్టు చెప్పింది. "మధ్యాహ్నాలు కుట్టలేకపోతే నాకు కుదరదు. యూనిఫారాలు సగం వేరేవాళ్ళకిచ్చేశారు."

అప్పుడే మెట్లు దిగుతున్న కాంపౌండరు, "హమ్మయ్య, పంచాయితీ తప్పింది. పేషెంటే డిశ్చార్జి అయిపోతుంటే ఇంక రిపోర్టెందుకు సార్" అని నవ్వాడు.

షావుకారు భార్య లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆదివారం పొద్దున ఆయన కిటికీ తెరిచి, ఇక అవసరం లేని సీసాను తీసి పారేద్దామని చేతిలోకి తీసుకున్నాడు.

లోపల ఏదో నడుస్తోంది.

కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. పసుపుపచ్చగా, గుండ్రంగా, మెత్తగా, అప్పుడే తొక్క ఒలిచిన పప్పుబద్దలా ఉన్న పురుగు. ఒంటిమీద ఒక్క చుక్క లేదు. గాజు మీద తడబడుతూ ఎక్కుతోంది. ఇది ఎలా వచ్చింది? ముడి చూశాడు. టైలరమ్మ ముడి వేసినట్టే ఉంది. గుడ్డ చూశాడు. చిల్లి లేదు. పురుగు పక్కన, గాజుకు అంటుకున్న నారింజ డొల్లల్లో ఒకటి వీపున నిలువుగా పగిలి ఖాళీగా ఉంది.

ఆయన కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. భార్య కాఫీ పెట్టి వెళ్ళింది. చల్లారిపోయింది.

ఎండ గట్టు మీదికి వచ్చేకొద్దీ పసుపు ముదిరింది. నారింజ అయింది. ఆ నారింజలో, లోపలి నుంచి సిరా ఊరినట్టు మసక మచ్చలు తేలాయి. మచ్చలు నలుపెక్కాయి. నారింజ ఎరుపెక్కింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంకో డొల్ల కదిలింది. ఆయన చూస్తుండగానే వీపు చీలింది. చీలికలోంచి పసుపు తల, తర్వాత కాళ్ళు, తర్వాత మడత విప్పని రెక్కలు. బయటపడ్డది తన డొల్ల మీదే నిలబడి ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగింది.

మొదటిదానికి ఇప్పుడు ఎర్రటి వీపు, నల్ల చుక్కలు. క్యాలెండరు మీది బొమ్మ.

 నల్లవి ఎర్రవాటిని తినలేదు. నల్లవే ఎర్రవి. వాలితే ఊపిరి బిగపట్టి చెయ్యి కదిలించనివాడు, వాటి పిల్లలను వారాల తరబడి పట్టకారుతో పట్టి సబ్బునీళ్ళలో ముంచాడు. తన తీగ మీద ఏరాడు గనుక తన తీగ పోయింది. ఆమె భయపడి ముట్టుకోలేదు గనుక ఆమె తీగ బతికింది. బతికినందుకు నరికించాడు.

మగ్గు స్నానాల గది పక్కన ఉంది. వెళ్ళి చూశాడు. అడుగున నల్లగా మెత్తని మడ్డి. అందులో కాళ్ళు, ముళ్ళు, నారింజ మచ్చలు. జీవితంలో దేన్నైనా చూస్తే ముందు ఎన్ని అని లెక్కపెట్టే మనిషి, లెక్కపెట్టలేకపోయాడు. మగ్గు పక్కనే నేలమీద కూర్చుండిపోయాడు.

"ఏవండీ, ఏమైంది? ఒంట్లో బాగాలేదా?" అంది భార్య.

"చూడు" అని సీసా చూపించాడు.

ఆవిడ చూసింది. మొగుడి మొహం చూసింది. మళ్ళీ సీసా చూసింది.  "అయితే ఆ తీగ..." అంది.

బయట బండి ఆగిన చప్పుడైంది.

సీసాను కిటికీలోంచి దులిపేస్తే సరిపోతుంది. అడిగేవాళ్ళు లేరు. కాంపౌండరు మర్చిపోయాడు. ఆమె వద్దంది. చదువుకున్నాయన్ని పిలవనేలేదు. ఈ ఇంట్లో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు, ఆ రెండో మనిషి నోరు జారదు. షావుకారు ఆ లెక్క వేశాడు. వేసినట్టు ఆయనకు తెలుసు. అప్పుడు చొక్కా తొడుక్కుని, సీసాను రెండు చేతులా పట్టుకుని మేడ ఎక్కాడు.

*

మిషను గుమ్మం బయటికి వచ్చేసింది. టైలరమ్మ దారపు ఉండలు పెట్టెలో సర్దుతోంది. బండివాడు ట్రంకుపెట్టె ఒక కొస పట్టుకుని, రెండో కొసకు మనిషి కోసం చూస్తున్నాడు. కాంపౌండరు తనకు సంబంధం లేని దూరంలో పళ్ళు తోముకుంటున్నాడు.

"ఆగు. శాంపిల్ విప్పాలి" అన్నాడు షావుకారు.

"వద్దన్నా కదండీ బాబాయిగారూ."

"నీకు వద్దు. నాకు కావాలి. ముడి నీదేనా చూడు."

ఆమె విసుగ్గా వంగి చూసింది. "నాదే."

"నువ్వే విప్పు."

"అమ్మో, లోపల అవి..."

"అవి లేవు. చూడు."

ఆమె చూసింది. ఎర్రవి గాజు మీద తిరుగుతున్నాయి. టైలరమ్మకు వెంటనే బోధపడలేదు. కాంపౌండరు నురగ నోటితో దగ్గరికి వచ్చి, "ఇవి ఎవరు వేశారు?" అన్నాడు.

"ఎవరూ వెయ్యలేదు. మనం వేసినవే ఇవి. నల్లవి పెరిగితే ఇవి అవుతాయి. డొల్లలు చూడు." షావుకారు టైలరమ్మ వైపు తిరిగాడు. "నేను పేనుబంక వేస్తే, తినేశాయి. నీ తీగకు కాపలా కాసినవి ఇవే అమ్మాయ్. నా తీగకు కాస్తుంటే నేను చంపాను. చంపి, నీ మీద వేశాను."

కాంపౌండరు నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. బండివాడు పెట్టె కొస దించాడు.

టైలరమ్మ ఎర్ర దారం కొస పట్టి లాగింది. ముడి ఊడింది. గుడ్డ తీసి వెనక్కి జరిగింది. ఒక ఎర్రది సీసా అంచు మీదికి వచ్చి, షావుకారు బొటనవేలి మీదికి నడిచి, రెక్కలు విప్పి, బోసి రేకు మీదుగా ఎగిరి ఆయన చిక్కుడు మీద వాలింది. ఆమె దాన్ని చూడలేదు. కప్పుకేసి చూస్తోంది.

"నా కత్తెర పదును పోయింది" అంది.  "ఆ రోజు అడిగాను కదా. ఆదివారం దాకా ఆగమని."

 ఆయన తల దించుకుని నిలబడ్డాడు. అద్దెకున్న మనిషి ముందు ఇంటాయన అలా నిలబడటం కాంపౌండరుకు ఇబ్బందిగా తోచి, నోరు కడుక్కునే నెపంతో దిగిపోయాడు.

షావుకారు అన్నాడు: "ఓడినవాడు బండి బాడుగ భరించాలి. ఎక్కే సామాను నేనెక్కిస్తా, దిగే సామాను నేను దింపుతా. కానీ బండిని సాయంత్రం దాకా ఆపు. గది చల్లబడకపోతే వెళ్దువు."

"ఎలా చల్లబడుతుంది? తీగ మంత్రిస్తే వస్తుందా?"

"కొట్లో గోనెసంచులున్నాయి."

ఆమె బండివాడికేసి చూసింది. "రెండు రోజులు చూస్తా. చల్లబడకపోతే వెళ్తా. అప్పుడు మళ్ళీ ఆపకూడదు."

"ఆపను."

ఆ పూట షావుకారు కొట్టు నుంచి గోనెల కట్టలు తానే భుజాన వేసుకుని మెట్లెక్కాడు. నిచ్చెన ఆమె పట్టుకుంది. రేకు మీద గోనె మీద గోనె పరిచి, పెద్ద సూదితో అంచులు కలిపి కుట్టాడు. ఆయన కుట్టు చూసి ఆమె, "దిగండి, నేను కుడతా, రేపు గాలికి లేచిపోతుంది" అని సూది లాక్కుంది. షావుకారు భార్య కిందనుంచి బకెట్లు అందించింది. నీళ్ళు పోస్తే రేకు బుస్సుమంది. తన చిక్కుడు పాతిన డ్రమ్మును ఆయన ఆమె గోడ దగ్గరికి దొర్లించాడు. జబ్బు కొసలు తుంచి, మిగిలిన పాయలను గోనె మీదికి మళ్ళించాడు. టైలరమ్మ గుడ్డ పీలిక చింపి ఇచ్చింది. దాన్ని ఆముదంలో ముంచి, చీమలు దాటకుండా కాండం మొదట్లో చుట్టాడు.

రెండు రోజులు దాటినా బండి రాలేదు. మూడో వారం మంగళవారం మధ్యాహ్నం ఆయన భోజనం చేసి పడుకోలేదు. కొట్టు నుంచి వచ్చిన చొక్కాతోనే బకెట్టు తీసుకుని మేడ ఎక్కాడు, గోనెలు తడపడానికి. మిషను ఆడుతోంది. కిటికీలోంచి ఆమె వంగిన తల, తెల్లబట్ట కనిపించాయి. నీళ్ళు పోసి, చుక్కలు గోడ వెంట కారుతుంటే నిలబడ్డాడు.

"బాబాయిగారూ" అంది ఆమె, తల ఎత్తకుండానే. "మీ తీగ మీద ఆ నల్లవి మళ్ళీ కనిపిస్తున్నాయి. చూశారా?"

"చూశాను."

"ముట్టుకోలేదు కదా?"

షావుకారు ఖాళీ బకెట్టు కింద పెట్టాడు.

"లేదమ్మా. నాకూ భయమే."